మూడు సైగలు, ఒక ముళ్ళకంప

ఎవరి మూర్ఖత్వంతో వాళ్ళు తమ కొంప ముంచుకోవడం మామూలే. నేను మాత్రం ఆరేళ్ళుగా మాట్లాడుకోని ఇద్దరు అన్నదమ్ముల మధ్య దూరి, గంటలోపల, నోరు విప్పకుండా, ఒక్క ఫోన్‌తో ఇద్దరి చేతా తుమ్మకంప పట్టించి, మేనమామతో సహా పొలంగట్ల మీద పరుగెత్తాను. చదివి నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా బంధువులు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళకు కూడా పిలిచి చెబుతున్నారు. కానీ నవ్వేముందు ఒక్క సంగతి ఒప్పుకోండి: తప్పంతా నాది కాదు. ముప్పాతిక నాది. మిగతా పాతిక ఎవరిదో మీకే తెలుస్తుంది.

రెండు వేల పన్నెండు. మేడ్చల్ రోడ్డులో ఒక కాలేజీలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగానికి ఎంపికై, చేరే తేదీ చెబుతామన్న కంపెనీ ఆ తేదీ చెప్పకపోతే తూంకుంటలో మా ఇంట్లో కూర్చున్నాను. ఊరికే కూర్చున్నానని అమ్మ అనేది. అది అబద్ధం. నేను ప్రపంచాన్ని మారుస్తున్నాను.

ఎలాగో చెబుతాను. స్మార్ట్‌ఫోన్ లోపల ఆవగింజంత పరికరం ఒకటి ఉంటుంది. ఫోన్ ఎటు కదిలితే అటు ఎంత జోరుగా కదిలిందో అది అంకెల్లో చెబుతూ ఉంటుంది. ఆ అంకెల్ని చదివి, చేతిలో ఫోన్ పట్టుకున్న మనిషి గాలిలో ఏం గీశాడో పోల్చుకునే ప్రోగ్రామ్ రాస్తున్నాను. సున్నా గీస్తే ఒక పని, టిక్కు గీస్తే ఒక పని, ఇంటూ గుర్తు గీస్తే ఇంకో పని. మూడే సైగలు. ఇరవై రెండేళ్ళ వయసులో మూడు సైగలతో మానవజాతికి మేలు చేయవచ్చని నాకు గట్టి నమ్మకం.

అమ్మకు ఆ నమ్మకం లేదు.

"పొద్దుగాల సంది గా డబ్బా ముందట ఏం జేస్తున్నవే?"

"ప్రోగ్రామ్ రాస్తున్నమ్మా. ఫోన్ పట్టుకొని గాలిల గీత గీస్తే ఫోన్‌కు అర్థమైతది."

"అర్థమైతే?"

"చెప్పిన పని చేస్తది."

"నోటితోని చెప్తే నువ్వే చెయ్యవు. గాలిల గీస్తే గది చేస్తదా?"

నాకు ఒళ్ళు మండింది. అయినా ఓపికగా చెప్పాను. "ఇది ఓపెన్ సోర్స్ అమ్మా. రాసిందంతా నెట్‌ల పెడత. ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు."

"అడగకుండనే?"

"అడగకుండనే."

"మరి గంతదానికి తలుపు పెట్టుకొని రాసుడెందుకు?"

ఇలాంటి వాతావరణంలో శాస్త్రం ఎలా ఎదుగుతుందో మీరే చెప్పండి.

ప్రోగ్రామ్‌కి సైగలు నేర్పాలంటే ముందు వాటిని చేసి చూపించాలి. ఒక్కో సైగ వందసార్లు. అందుకని రోజూ ఇంటి ముందు నిలబడి, ఫోన్ పట్టుకుని గాలిలో సున్నాలు చుట్టేదాన్ని. మొదటిరోజు వీధి కుక్కలు మాత్రమే చూశాయి. రెండోరోజు పక్కింటి రజియా ఖాలా గోడ మీదుగా చూసింది. చూసి, నన్ను అడగకుండా నేరుగా మా అమ్మనే అడిగింది.

"క్యా హువా అక్కా? పోరి చెయ్యి గట్ల తిప్పుతాంది. నరం పట్టిందా?"

"సదువు ఎక్కువైంది" అంది అమ్మ, కూరగాయలు తరుగుతూ.

"నూనె పెట్టి మర్దన చేస్త. జల్దీ తగ్గుతది."

నేను చెయ్యి వెనక్కి లాక్కుని, ఇది రోగం కాదు, పరిశోధన అని చాలా కోపంగా చెప్పాను. మూడోరోజుకి భుజం వాచింది. ఖాలా నూనె గిన్నెతో వచ్చి, ఒక్క మాట అనకుండా మర్దన చేసి పోయింది. ఆ మౌనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

నెట్‌లో పెట్టిన నా ప్రోగ్రామ్‌ని నిజంగా చదివినవాడు ఒక్కడే. ఎక్కడో మంచు దేశంలో ఉండే ఒకాయన. పేరు తెలియదు, అక్కడ అందరివీ మారుపేర్లే. చాలా మర్యాదగా రాసేవాడు. ఒకరోజు ఇలా రాశాడు: "మీ పద్ధతి బాగుంది. ఒక చిన్న సందేహం. చెయ్యి ఈ మూడు సైగల్లో ఏదీ చేయకుండా ఊరికే కదిలితే మీ ప్రోగ్రామ్ ఏమంటుంది?"

"మూడింటిలో దేనికి దగ్గరగా ఉంటే అదే అంటుంది" అని రాశాను.

"అదే నా భయం" అన్నాడు.

భయమట! నా ప్రోగ్రామ్ అడిగిన ప్రతిదానికీ తడుముకోకుండా జవాబు చెబుతుంటే మెచ్చుకోవాల్సింది పోయి భయమట! పళ్ళు నూరుతూ ఇంత పొడుగు జవాబు రాసి, చివర ఇలా ముగించాను: "ఫోన్ చేతిలో పట్టుకుని, ఏ కారణమూ లేకుండా చెయ్యి ఊపే మనిషి ఈ భూమ్మీద ఎవరుంటారు?"

ఆ ప్రశ్న పంపిన మర్నాడు పొద్దున మా యాదగిరి మామ ఇంటికి వచ్చాడు.

యాదగిరి మామ అమ్మకు తమ్ముడు. మేడ్చల్‌లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన దిగని బావి లేదు, టీ తాగని ఇల్లు లేదు. ఆ పరిచయాల వల్ల మోటార్లతో పాటు తగాదాలు కూడా బాగుచేసేవాడు. ఇక ఆయన మాట్లాడే తీరు. మామ నోటితో మాట్లాడడు, చేతులతో మాట్లాడతాడు, నోరు వెనకాల వస్తుంది. బర్రె తప్పిపోయిందని చెప్పాలంటే ముందు బర్రెను కొమ్ముల నుంచి తోక దాకా గాలిలో గీస్తాడు, తర్వాత అది పోయిన దిక్కు చూపిస్తాడు, దొరికిందో లేదో చివర్న నోటితో చెబుతాడు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ బల్ల మీది గ్లాసులు లోపలికి తీసేది.

ఈ చేతుల్ని నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అయినా నా బుర్రకి తట్టలేదు. దీన్ని ఏమంటారో నాకు తెలియదు. మా అమ్మకి తెలుసు, చాలాసార్లు అంది కూడా.

"కోడలా, గీ కొత్త ఫోన్‌తోని పరేషాన్ అయితాంది" అన్నాడు మామ, జేబులోంచి స్మార్ట్‌ఫోన్ తీసి. "చేతులకు గ్రీసుంటది. గీ అద్దం మీద ఒకలకు ఒత్తితే ఇంకొకలకు పోతాంది. మొన్న మోటర్ సామాను దుకాణానికి చేస్తే మీ అత్తకు పోయింది. పది నిమిషాలు తిట్టింది."

గ్రీసు చేతుల మనిషి! తాకకుండా ఫోన్ వాడాల్సిన అవసరం ఉన్న మనిషి! నా ప్రోగ్రామ్ కోసమే పుట్టిన మనిషి!

పావుగంటలో ఆయన ఫోన్‌లో పెట్టేశాను. "చూడు మామా. గాలిల సున్నా చుడితే, ఆఖరికి ఎవరితోని మాట్లాడినవో వాళ్ళకు ఫోన్ పోతది, స్పీకర్‌ల మాట్లాడొచ్చు. టిక్కు కొడితే వాళ్ళకే 'సరే, సమ్మతమే' అని మెసేజ్ పోతది. ఇంటూ గుర్తు పెడితే 'వద్దు, కుదరదు' అని పోతది."

"మరి ముందుగాల ఏం ఒత్తాలె?"

"ఏం ఒత్తొద్దు. అది ఎప్పుడూ నీ చెయ్యినే చూసుకుంట ఉంటది."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ!" అన్నాను, గర్వంగా. ఆ గర్వం తలచుకుంటే ఇప్పుడు కూడా నన్ను నేను రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

మామ లేచి నిలబడి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పలక మీద కొత్తగా అక్షరాలు దిద్దే పిల్లాడిలా నిదానంగా సున్నా చుట్టాడు. ఫోన్ వెళ్ళింది. టిక్కు కొట్టాడు. మెసేజ్ వెళ్ళింది. ఇంటూ పెట్టాడు. అదీ వెళ్ళింది. వంటింట్లోంచి చూస్తున్న అమ్మ మొహంలో కూడా ఏదో కదిలింది. మూడుకు మూడు! ఇక నాకేం తక్కువ?

"మస్తుంది కోడలా! ఇయ్యాల రావల్కోల్‌ల పెద్ద పంచాది ఉంది. నువ్వు గూడ రా. నీ మెషిన్ పొలంల ఎట్ల పన్జేస్తదో సూద్దువు."

మా భాషలో దీన్ని ఫీల్డ్ టెస్ట్ అంటారు. నాది అచ్చంగా ఫీల్డ్‌లోనే జరిగింది.

రావల్కోల్ తగాదా ఇదీ. మల్లయ్య అన్న, అంజయ్య తమ్ముడు. పక్కపక్క పొలాలు. తమ్ముడి పొలానికి పోవాలంటే అన్న పొలం అంచున ఉన్న బాట మీదుగానే పోవాలి. ఆరేళ్ళ కింద ఎవరు ఎవరిని ఏమన్నారో గానీ, మాటలు ఆగిపోయాయి. రెండేళ్ళ కింద మల్లయ్య ఆ బాటకి అడ్డంగా తుమ్మకంప నరికి వేశాడు. మనిషి గట్లమీదుగా పోవచ్చు, ట్రాక్టర్ పోలేదు. రెండేళ్ళుగా అంజయ్య భూమి బీడుగానే పడి ఉంది. ఇప్పుడు మళ్ళీ తొలకరి పడింది. ఈ వారం దున్నకపోతే ఈ ఏడూ అంతే. అంజయ్య భూమి అమ్ముకుని పోతానంటున్నాడట. అందుకే మామ ఈ పంచాయితీని అంత పట్టుదలగా నెత్తిన వేసుకున్నాడు.

బయల్దేరేముందు మామ అంజయ్యకు ఫోన్ చేశాడు. "అంజన్నా, మీ అన్న తానికి పోతున్న. నువ్వు ఇంటికాడనే ఉండు. ఆయన ఒప్పుకుంటే సరే అని మెసేజ్ పెడత. ఒప్పుకోకుంటే వద్దని పెడత. నువ్వైతే తొందరపడకు."

ఫోన్ జేబులో పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. నేను వెనక కూర్చున్నాను.

తూంకుంట నుంచి మేడ్చల్ మీదుగా రావల్కోల్ దాకా రోడ్డు ఎలా ఉండేదో అప్పట్లో తిరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. బండి గుంతలో దిగుతుంది, ఎగిరి పైకి లేస్తుంది. దిగడం, లేవడం. కాస్త ఆలోచించండి. కిందికి దిగి పైకి లేచే గీతని ఏమంటారు?

టిక్కు అంటారు.

నేను ఆలోచించలేదు. మామ జేబులో ఫోన్ ప్రతి గుంతకీ అంజయ్యకు "సరే, సమ్మతమే" అని పంపుతుంటే, నేను వెనక కూర్చుని గాలికి జుట్టు సర్దుకుంటూ, నా ప్రోగ్రామ్ గురించి పత్రికల వాళ్ళు అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అక్కడ అంజయ్య మొదటి మెసేజ్‌కి లేచి నిలబడ్డాడట. మూడోదానికి భార్యను పిలిచాడట. ఆరోదానికి ట్రాక్టర్ మాట్లాడటానికి పరుగెత్తాడట. అన్న ఇన్నిసార్లు సరే అన్నాడంటే ఎంత ప్రేమో అని ఆవిడ కళ్ళు ఒత్తుకుందట. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు.

రోడ్డు మీద బండి ఆపి, గట్లమీదుగా మేం వెళ్ళేసరికి మల్లయ్య మోటారు గది ముందు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, తక్కువ మాటలు. పక్కనే బాటకి అడ్డంగా, నిలువెత్తు తుమ్మకంప. మామ ఫోన్ కుడిచేతిలోకి తీసుకున్నాడు, అవసరమైతే సైగ చేద్దామని. నేను రెండడుగుల వెనక నిలబడ్డాను, పరిశీలించడానికి.

"మల్లన్నా, గీ బాట ఎవరిది?" అని మొదలుపెట్టాడు మామ. చెయ్యి బాట పొడుగునా సాగింది. "మీ నాయినది. మీ నాయిన ఎవలకు నాయిన? నీకు నాయిన. అంజన్నకు నాయిన." చెయ్యి ఇటు నరికింది, అటు నరికింది.

ఆయన పిడికిట్లో ఫోన్ తెర వెలిగింది. నాకు తెలిసిన వెలుగే. మెసేజ్ పోయినప్పుడు వస్తుంది.

'ఆహా, పనిచేస్తోంది!' అనుకున్నాను. మొదట నిజంగా అదే అనుకున్నాను.

మళ్ళీ వెలిగింది. మళ్ళీ. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. మామ మాట్లాడుతున్నాడు, సైగ చేయడం లేదు. అయినా ఫోన్ ప్రతి ఊపుకీ ఏదో ఒకటి అనుకుంటోంది. నేను దానికి మూడు మాటలు నేర్పాను. ఇది ఏదీ కాదు, నోరు మూసుకో అని మాత్రం నేర్పలేదు.

మామకి కనిపించేలా పక్కకి జరిగి, చెయ్యి ఊపొద్దని చేత్తో సైగ చేశాను. మామ దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. ఇంకా ఉషారుగా ఊపాడు.

"మామా, ఫోన్..." అన్నాను గొంతు తగ్గించి.

"ఆగు కోడలా, పెద్దోళ్ళ ముచ్చట నడుస్తాంది" అంటూ చేతిని నా మొహం ముందు గుండ్రంగా తిప్పాడు.

ఇంతకంటే అందమైన సున్నాని నేను వంద ప్రయత్నాల్లో ఒక్కసారి కూడా చుట్టలేదు.

ఫోన్ అంజయ్యకు వెళ్ళింది. మామకి తెలియదు. ఆయన అసలు మంత్రం అప్పుడే ఎత్తుకున్నాడు. తగాదాలు తీర్చడంలో మామకి ఒకటే పద్ధతి. అన్న దగ్గరికి పోయి తమ్ముడు ఏడుస్తున్నాడంటాడు. తమ్ముడి దగ్గరికి పోయి అన్న ఏడుస్తున్నాడంటాడు. ఇద్దరూ కరిగాక మధ్యలో నిలబడి టీ తాగుతాడు.

"మల్లన్నా, నిన్న అంజన్న నా ముంగట కూసోని ఏడ్సిండు. అన్నను అనరాని మాటలన్న, నా నాలుక కోసెయ్యాలె అని ఏడ్సిండు."

మల్లయ్య తల ఎత్తాడు. "అంజిగాడా? ఏడ్సిండా?"

"నా కండ్లార చూసిన. ఆపితే ఆగడు. సిన్నపోరని లెక్క ఎక్కిళ్ళు పెట్టిండు."

మల్లయ్య గొంతు సవరించుకున్నాడు. కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. పని దాదాపు అయిపోయినట్టే. సరిగ్గా అప్పుడు మామ పిడికిలి అరిచింది.

"ఎవడ్రా ఏడ్సింది?"

మల్లయ్య అదిరిపడి లేచాడు. ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు, మోటారు గది వెనక్కి పోయి చూసి వచ్చాడు. "అంజిగా, యాడున్నవ్ రా?"

"ట్రాక్టర్ మీద వస్తున్న!" అంది మామ పిడికిలి. "గా యాదగిరికి పిచ్చి లేసిందా? పొద్దుగాల సంది సరే అంటుండు, ఇప్పుడు వరుసగ వద్దు వద్దు అంటుండు, మళ్ళ సరే అంటుండు! బాట ఇస్తున్నవా, ఇస్తలేవా?"

"బాట సంగతి ఎనుక. నువ్వు ఏడ్సినవా, లేదా?"

"నేనెందుకు ఏడుస్త? నువ్వే తప్పైంది, తమ్ముని కాళ్ళు పట్టుకుంట అన్నవట గద?"

"నేనా? నీ కాళ్ళా? ఎవడన్నడు?"

"యాదగిరి!"

దూరంగా ట్రాక్టర్ మోత వినిపిస్తోంది. ఆ తర్వాత ఆ అన్నదమ్ములు ఆరేళ్ళలో మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు.

"అన్నా, వాన్ని పోనియ్యకు. నేనొస్తున్న."

"జల్దీ రా తమ్మీ."

మామ ఫోన్ నా చేతిలో కుక్కాడు. "బంద్ చెయ్యవే! జల్దీ బంద్ చెయ్!"

ఇక్కడ మీతో ఒక నిజం చెప్పాలి. ఆ ప్రోగ్రామ్ ఆపడానికి బటన్ లేదు. ఎప్పుడూ చూస్తూ ఉండే గొప్ప యంత్రాన్ని ఎవరైనా ఎందుకు ఆపాలనుకుంటారని నేను పెట్టలేదు. బ్యాటరీ పీకేద్దామని వెనక మూత లాగితే గోరు విరిగింది, మూత రాలేదు. నేను లాగి కుదిపిన ప్రతిసారీ ఫోన్ అంజయ్యకు "సరే, సమ్మతమే" అని పంపుతోంది. 'నీ అంతు చూస్త' అని ఫోన్‌లో అంజయ్య అరుస్తుంటే, మా వైపు నుంచి ఆయనకు వెళుతున్న జవాబు అది.

ట్రాక్టర్ కంపకి అవతల వచ్చి ఆగింది. అంజయ్య దూకాడు. గట్టు ఎక్కి చుట్టూ తిరిగి రావచ్చు కదా? రాలేదు. కోపంలో ఎదురుగా ఉన్న కంపలోంచి ఒక తుమ్మకొమ్మ పీకాడు. అన్న తక్కువ తిన్నాడా? ఇటువైపు నుంచి ఇంకో కొమ్మ పీకాడు. నేనూ మామా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, అంత తీరిక లేదు. పరుగు.

తడిసిన గట్ల మీద పరుగెత్తడం ఇంజనీరింగ్‌లో నేర్పరు. నేను రెండుసార్లు మడిలో పడ్డాను. మామ ముందు పరుగెత్తుతూ కూడా చేతులతో ఏదో వివరిస్తూనే ఉన్నాడు. "అన్నా, నా మాటిను! మంచి కోసమే అన్నా!" వెనక నుంచి కొమ్మలు వచ్చి పడుతున్నాయి. విసిరిన కొమ్మ తగలకపోతే వెనక్కి పోయి ఇంకోటి పీకి తెస్తున్నారు. అన్న పీకినది తమ్ముడికి అందిస్తున్నాడు, తమ్ముడు విసురుతున్నాడు. ఆ సమన్వయం చూస్తే ఆరేళ్ళు మాట్లాడుకోని మనుషులంటే ఎవరూ నమ్మరు.

బండి నాలుగో తన్నుకి స్టార్ట్ అయింది. అప్పుడు ధైర్యం చేసి వెనక్కి చూశాను.

వాళ్ళు ఆగిపోయారు. బాట మధ్యలో ఇద్దరూ ఆయాసపడుతూ నిలబడ్డారు. మల్లయ్య అరచేయి చాపి పట్టుకున్నాడు. అంజయ్య వంగి, ఆ చేతిలోంచి ముల్లు తీస్తున్నాడు. చాలా జాగ్రత్తగా తీస్తున్నాడు. వాళ్ళ చుట్టూ ఎక్కడా కంప లేదు. ఉన్నదంతా మా వెనకాల పొలాల్లో పడి ఉంది. ట్రాక్టర్ డ్రైవర్ ఒక నిమిషం చూసి, ఇక అడిగేదేముందని, ఇంజన్ ఆపకుండా అలాగే బాటలోంచి అంజయ్య పొలంలోకి తోలుకుపోయాడు.

బాధ్యత గల మనిషి ఎవరైనా ఇక్కడ నాకు ధన్యవాదాలు చెప్పాలి కదా? ఇంట్లో ఏం జరిగిందో వినండి.

సాయంత్రం మామ వాకిట్లో నిలబడి కేకలు. "నా ఇజ్జత్ తీసింది అక్కా! ఇరవై ఏండ్ల సంది పంచాదులు చేస్తున్న. ఒక్క అబద్ధం బయటవడలే!"

"నేను ముందే చెప్పిన. గాలిల గీస్తే ఏమైతదని" అంది అమ్మ. ఆవిడ అలా ఎప్పుడూ చెప్పలేదు.

రజియా ఖాలా గోడ మీదుగా విని, మడిలో పడ్డానని తెలిసి, మళ్ళీ నూనె గిన్నెతో వచ్చింది.

మూడోరోజు రావల్కోల్ నుంచి కబురు. అంజయ్య పొలం దున్నాడు. మల్లయ్య దగ్గరుండి దున్నించాడు. ఇద్దరూ ఒకే చోట కూర్చుని తింటున్నారు, యాదగిరిని తిట్టుకుంటూ తింటున్నారట. ఆ సంగతి మేడ్చల్ అంతా పాకింది. అరగంటలో మామ మాట మారింది.

"గదంతా నా ప్లానే. ఇద్దరికి కోపం తెప్పిస్తెనే మాటలు కలుస్తయని నాకెరుక. కోడలికి గూడ ముందుగాలనే చెప్పిన, ఫోన్ గిట్ల పెట్టమని."

నా ఎదురుగానే అన్నాడండీ! కళ్ళార్పకుండా! నేను నోరు తెరిచేలోపల అమ్మ "మా తమ్మునికి చిన్నప్పటి సంది తెలివి ఎక్కువ" అంది.

ఇక మిగిలింది మంచు దేశం ఆయన. అహం చంపుకుని జరిగిందంతా రాశాను. వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు. "దయచేసి ఆ మామగారి చేతి కదలికలు రికార్డు చేసి పంపగలరా? ఏ సైగా కాని కదలికలకి ఇంత మంచి నమూనా ఎక్కడా దొరకదు" అని రాశాడు. దీనికి కూడా మామకే పూలదండ!

మామని వరండాలో కూర్చోబెట్టి, చేతిలో ఫోన్ పెట్టి, కథలు చెప్పమన్నాను. గంటన్నర చెప్పాడు. ఆపితే ఆగలేదు. ఆ కదలికలన్నిటికీ 'ఇది ఏదీ కాదు' అని పేరు పెట్టి ప్రోగ్రామ్‌కి నేర్పాను. అప్పటి నుంచి అది అనవసరంగా ఒక్క మెసేజ్ పంపలేదు. ఆ కదలికలున్న ఫైల్‌ని నెట్‌లో పెట్టేటప్పుడు పేరు అడిగితే తొందరలో "యాదగిరి" అని కొట్టాను. నా జీవితంలో రెండో పెద్ద తప్పు అదే.

ఎందుకంటే ఓపెన్ సోర్స్ కదా, ఎవరెవరో వచ్చారు, నా ప్రోగ్రామ్‌ని బాగుచేశారు, ఒక్కో వరుసా తీసేసి కొత్తది రాశారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే నేను రాసిన వరుస ఒక్కటంటే ఒక్కటి లేదు. నా పేరూ జారిపోయింది. మిగిలింది మామ ఫైల్. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, అంతకంటే మంచిది దొరకలేదట. ఆ ప్రోగ్రామ్ వాడే వాళ్ళందరికీ అర్థంపర్థం లేని చేతి ఊపుకి యాదగిరి అనడం అలవాటైపోయింది. "ఈ కదలిక సైగ కాదు, యాదగిరి" అని రాసుకుంటున్నారు. కొత్తగా చేరిన ఒక విదేశీయుడు నన్నే అడిగాడు, యాదగిరి అనేది భారతదేశపు శాస్త్రవేత్త పేరా అని.

మామకి ఈ సంగతి తెలిసింది. సగమే తెలిసింది. "దునియ మొత్తం కంప్యూటర్లల్ల నా పేరుంది. కోడలు గంత సదివింది, దాని పేరు లేదు" అని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో రెండు చేతులూ ఊపుతూ చెబుతాడు.

కాబట్టి ఈ రెండు చేతులూ కదలకుండా ఒళ్ళో పెట్టుకుని, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను రాసిన ఏ ప్రోగ్రామూ ఇకమీదట బంధువుల ఫోన్‌లో పెట్టను. ఆపే బటన్ లేని యంత్రాన్ని తయారుచేయను. తుమ్మకంప ఉన్న చోట ఏ కొత్త శాస్త్రాన్నీ పరీక్షించను. ఇక ఆ పేరుకి అర్థమేమిటో మామకి చెబుతానా అంటే, చెప్పను. ఆ ఒక్క ఆనందం నాకుండనివ్వండి.